సున్న నిమిషాలు

మా ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. మూడో అంతస్తులో ఒక గది, ఒక ఏసీ, రెండు కుర్చీలు, ఒక నేను. రెండో కుర్చీ మా బాబాయ్‌ది. నాన్నకు వరసకు తమ్ముడవుతాడు. ఇరవై రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని, నిరుడు రిటైరై, పక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టి ఇంటికి వెళ్లాడు. ఆయన వెళ్లాక కూడా నేను ఆ కుర్చీ తీయించలేదు. అందులో ఇంకెవరైనా కూర్చుంటే ఊరుకోను.

చిన్నప్పుడు ఒకసారి లెక్కల పరీక్షలో సున్న తెచ్చుకున్నాను. ఇంట్లో అందరూ తిట్టారు, బాబాయ్ ఒక్కడే నవ్వాడు. ఊరికే నవ్వి వదిలేశాడా, లేదు. ఆ రోజు నుంచి నా పేరు గుండుసున్న అయింది. నాకు ముప్ఫై ఒకటో ఏడు వచ్చినా, డాక్టర్ల ముందు కూడా "ఏమే గుండుసున్నా" అనే పిలుస్తాడు. పిలవనీ అనుకునేదాన్ని. సున్న ఎప్పటికైనా నా పీకల మీదికి వస్తుందని అప్పుడేం తెలుసు.

ఆ వారం బాబాయ్ మా ఆసుపత్రిలోనే ఉన్నాడు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. సోమవారం ఆపరేషన్ బాగానే జరిగింది. మంగళవారం సాయంత్రం ఏదో ఇంజెక్షన్ పడలేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదాలు వాచాయి, ఊపిరి అందలేదు. ఆ పూట డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చి విరుగుడు ఇచ్చి మనిషిని నిలబెట్టాడు. ఏ మందు పడలేదో కంప్యూటర్లో ఎక్కించాడు. బాబాయ్ ముంజేతికి ఎర్ర పట్టీ వేయించాడు. ఎర్ర పట్టీ అంటే ఈ మనిషికి పడని మందు ఉంది, కంప్యూటర్లో చూసి ఇవ్వండి అని అర్థం. మందు పేరు పట్టీ మీద రాయరు. మాది కాగితం లేని ఆసుపత్రి. గేటు పక్కన ఆ మాట బోర్డు మీద కూడా రాయించారు.

అదంతా జరుగుతున్నప్పుడు నేను పైన తాళాలు వేస్తున్నాను.

తాళాలంటే ఖాతాలకు తాళాలు. ఎవరైనా మన పేరు కొట్టి తప్పు పాస్‌వర్డు ఇస్తూ పోతే, కొన్ని తప్పుల తర్వాత ఆ ఖాతా మూసుకుపోవాలి. మాకు ఇన్నాళ్లూ ఆ ఏర్పాటే లేదు. తనిఖీకి వచ్చినవాళ్లు నోరు వెళ్లబెట్టి, నెలలోగా పెట్టమన్నారు. సర్జన్‌గారికి తెలిసి నా మీద ఇంతెత్తున లేచాడు. "ఆపరేషన్ మధ్యలో నా కంప్యూటర్ పావుగంట మూసుకుపోతే రోగికి నువ్వు సమాధానం చెప్తావా?" అన్నాడు. సూపరింటెండెంటును మేమంతా పెద్దమేడం అంటాం. ఆవిడ నన్ను గదికి పిలిచి, "తనిఖీవాళ్లకు తాళం కనపడాలి, డాక్టర్లకు కనపడకూడదు. ఎలా చేస్తావో నీ ఇష్టం" అంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

నా తెలివి అప్పుడే తన్నుకొచ్చింది. ఆ ఏర్పాటులో మూడు గడులు ఉంటాయి. ఎన్ని తప్పులకు తాళం పడాలి అన్నది మొదటి గడి. తాళం ఎన్ని నిమిషాలు ఉండాలి అన్నది రెండోది. తప్పుల లెక్క ఎప్పుడు చెరిగిపోవాలి అన్నది మూడోది. మొదటి గడిలో సున్న పెడితే తాళం అసలు పడదు, అది నాకు తెలుసు. కాబట్టి రెండో గడిలో సున్న పెడితే తాళం సున్న నిమిషాలు ఉంటుంది, అంటే పడినట్టే పడి ఊడిపోతుంది అనుకున్నాను. మొదటి దానిలో మూడు వేశాను. రెండో దానిలో సున్న. మూడో దానిలో ముప్ఫై. తనిఖీవాళ్లకు తాళం, సర్జన్‌గారికి హళ్లికి హళ్లి సున్నకు సున్న. నా భుజం నేనే తట్టుకుని, మర్నాడు పొద్దున రాగానే అందరూ పాస్‌వర్డులు మార్చుకోవాలని ఇంకో రూలు కూడా తగిలించి కిందికి దిగాను.

అప్పటికి బాబాయ్ కాస్త తేరుకుని దిండుకు చేరగిలబడి ఉన్నాడు. పిన్ని పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన పెదాల వాపు తగ్గిందో లేదో నిమిషానికోసారి చూస్తోంది.

"తాళాలు పెట్టావటగా. ఒక ఉత్తుత్తి ఖాతా చేసి, దాని మీద వేసి చూశావా?" అన్నాడు బాబాయ్, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"చూశాను బాబాయ్."

"తీసి చూశావా?"

"అబ్బ, చూశానన్నానుగా! నువ్వు ముందు పడుకో."

చూడలేదు. ఆకలేస్తోంది, బస్సు వెళ్లిపోతుంది, పరీక్షించడానికి పది నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకు కక్కుర్తిపడి, చావు తప్పించుకుని పడుకున్న మనిషికి అబద్ధం చెప్పి ఇంటికి వెళ్లాను.

బుధవారం పొద్దున నేను వెళ్లేసరికి బాబాయ్ ఒళ్లు కాలిపోతోంది. పిన్ని తడిగుడ్డ పెట్టడం, తీయడం, పిండడం, మళ్లీ పెట్టడం. బాబాయ్ నన్ను చూశాడు గాని పోల్చుకున్నట్టు లేదు. "తాళం వేశారా? వెనక తలుపు? వెనక తలుపు?" అని అడుగుతూనే ఉన్నాడు.

"వేశాం బాబాయ్" అన్నాను.

"తీయండి మరి. గాలాడటం లేదు."

పైకి వెళ్లి నా కంప్యూటర్లోకి వెళ్లి, కొత్త పాస్‌వర్డు పెట్టుకుని, తెరకు తాళం వేసి, వెంటనే కిందికి వచ్చేశాను. రెండు నిమిషాలు లేచి వెళ్లినా తెర మూసి వెళ్లమనేది బాబాయ్ నేర్పిన మొదటి పాఠం.

పదిన్నర దాటాక నా ఫోను మోగింది. ల్యాబ్ నుంచి. కొత్త పాస్‌వర్డు తీసుకోవడం లేదు అన్నారు. సరిగ్గా కొట్టండి అన్నాను. రెండో ఫోను ఎక్స్‌రే నుంచి, మూడోది ఫార్మసీ నుంచి. పొద్దున పెట్టుకున్నది పదిన్నరకు మర్చిపోయారా, వీళ్లకు చదువెవరు చెప్పారు అని విసుక్కున్నాను. అలా ఐదు నిమిషాలు విసుక్కుంటూ గడిపాను. ఆ ఐదు నిమిషాలు ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వవు.

ఇంతలో డ్యూటీ డాక్టరు వచ్చింది. ఆ పూటే వార్డు బాధ్యత తీసుకున్న డాక్టరమ్మ, నాకంటే చిన్నది. బాబాయ్ నాడి చూసింది, బీపీ చూసింది, మొహం మారిపోయింది.

"ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి వెళ్తోంది. యాంటీబయాటిక్ ఇప్పుడే ఎక్కించాలి" అంటూ ఎర్ర పట్టీ వైపు చూసి, "ఏది పడలేదమ్మా ఈయనకి?" అని పిన్నిని అడిగింది.

"తెల్లగా ఉందమ్మా. చిన్న సీసా" అంది పిన్ని.

డాక్టరమ్మ నర్సుల బల్ల దగ్గరికి వెళ్లి పాస్‌వర్డు కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టింది. "ఇదేంటి, తాళం పడిందంటోంది?"

"జరగండి డాక్టరుగారూ" అని హెడ్ సిస్టర్ తన పేరు కొట్టింది. ఆవిడకూ అంతే.

అప్పుడు ఫోను చేసినవాళ్ల పేర్లు వరసగా గుర్తొచ్చాయి. ల్యాబ్ ఆయన పేరు 'ఏ'తో మొదలవుతుంది. ఎక్స్‌రే ఆయనది 'బీ'. ఫార్మసీ ఆయనది 'డీ'. డాక్టరమ్మది 'జే', హెడ్ సిస్టర్‌ది 'ఎమ్'. ఎవరో లోపల కూర్చుని, మా జాబితా ముందు పెట్టుకుని, పైనుంచి కిందికి ఒక్కొక్కరి పేరుతో మూడేసి తప్పులు చేసుకుంటూ వస్తున్నారు. నా పేరు 'వీ'తో మొదలవుతుంది.

పరుగెత్తాను. లిఫ్టు కోసం ఆగలేదు. రెండు అంతస్తుల మెట్లు, చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. వార్డులో ఎస్, టీలతో పేరు మొదలయ్యేవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు వాళ్ల ఖాతా తెరిచి చూడమనాలని నాకు తట్టనేలేదు. భయం అన్నిటికంటే ముందు బుర్రను తినేస్తుంది. మెట్ల మీద నా నోట్లో ఒకటే మాట, పీ, క్యూ, ఆర్, పీ, క్యూ, ఆర్. ఎవరైనా వింటే పిచ్చిదనుకునేవారు.

గదిలోకి వెళ్లి నిలబడే పాస్‌వర్డు కొట్టాను. తెర మీద పడింది: మీ ఖాతాకు తాళం పడింది, నిర్వాహకులను సంప్రదించండి.

నిర్వాహకులంటే నేనే.

సరే, సున్న నిమిషాలే కదా, ఊడిపోతుంది అనుకున్నాను. మళ్లీ కొట్టాను. తాళం. ఒక నిమిషం ఆగాను, గోడ గడియారం చూస్తూ. తాళం. ఫోనులో ఆ గడి గురించి వెతికి చదివాను. రెండో గడిలో సున్న అంటే తాళం ఉండదని కాదు. తాళానికి గడువు ఉండదని. నిర్వాహకుడు వచ్చి తన చేత్తో తీసేదాకా అలాగే పడి ఉంటుందని. మొదటి గడిలో సున్న అంటే ఎప్పటికీ మూసుకోదు, రెండో గడిలో సున్న అంటే ఎప్పటికీ తెరుచుకోదు. పక్కపక్క గడుల్లో రెండు సున్నలు, ఒకటి ఎడ్డెమంటే ఇంకొకటి తెడ్డెమంటుంది. ఆ సంగతి ఉత్తుత్తి ఖాతా ఒకటి చేసి చూస్తే పది నిమిషాల్లో తెలిసేది.

జీవితంలో మొదటిసారి బాబాయ్ కుర్చీలో కూర్చున్నాను. ఎక్కువసేపు కూర్చోలేదు. సర్వర్ పెట్టిన కంపెనీకి ఫోను చేస్తే, మీరు వరసలో ఏడోవారు అని సంగీతం పెట్టారు. దాన్ని అలాగే బల్ల మీద మోగనిచ్చి పెద్దమేడం గదికి పరుగెత్తాను.

ప్రతి చోటా ఆపదకని ఒక ఖాతా విడిగా ఉంచుతారు. ఎవరూ రోజూ వాడరు. మాకూ ఉంది. బాబాయ్ దాని వివరం కవరులో పెట్టి, లక్కతో ముద్ర వేసి, ఆరేళ్ల కింద పెద్దమేడం గదిలో ఇనప బీరువాలో పెట్టించాడు. ఆ ఖాతా నా గదిలోని కంప్యూటర్ నుంచే తెరుచుకుంటుంది. కవరు సంగతి నాకు చెప్పాడు గాని, లోపల ఏముందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

పెద్దమేడం ఏమీ అడక్కుండా బీరువా తీసింది. నా మొహమే చెప్పి ఉంటుంది. కవరు తీసుకుని ఆవిడ కూడా నా వెనకే గదికి వచ్చింది. ముద్ర పగలగొట్టి కాగితం విప్పాను. అందులో పాస్‌వర్డు లేదు. పాస్‌వర్డు కాగితం మీద రాయడమంత పాపం ఇంకోటి లేదని నమ్మే మనిషి మరి. బాబాయ్ గుండ్రటి అక్షరాల్లో ఇంతే ఉంది:

'పదిల' రాసి సున్న పెట్టాలి. పక్కనే మా మొదటి అద్దింటి నంబరు. అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే.

"ఇదేం పొడుపుకథ?" అంది పెద్దమేడం.

బల్ల మీద ఇంకా సంగీతం మోగుతున్న కంపెనీ ఫోను కట్ చేసి, పిన్నికి చేశాను. "పిన్నీ, మీ మొదటి అద్దింటి నంబరు ఎంత?"

"ఏమిటే? మనిషి ఇక్కడ ఇలా ఉంటే ఇళ్ల నంబర్లేమిటే నీకు?"

"చెప్పు పిన్నీ! నీకు దణ్ణం పెడతాను."

"నాలుగొందల పదిహేడు. ఆ ఇల్లే కదూ, పైకప్పు కారేది..."

పెట్టేశాను. పదిల, సున్న, నాలుగు ఒకటి ఏడు. ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా కొట్టాను. తప్పు.

అంకె సున్న కాకపోతే అక్షరం 'ఓ' అయ్యుంటుంది, చూడటానికి అదీ సున్నే కదా అనుకున్నాను. ఆలోచించకుండానే కొట్టేశాను. తప్పు.

ఇక ఒక్కటే మిగిలింది. మూడో తప్పు చేస్తే ఈ ఖాతా కూడా మూసుకుంటుంది, ఆ తర్వాత మా ఆసుపత్రిలో తాళం తీయగల మనిషే ఉండదు. తప్పుల లెక్క చెరగాలంటే ముప్ఫై నిమిషాలు ముట్టుకోకుండా ఆగాలి. ఆ ముప్ఫై కూడా నేను పెట్టిందే. నేను తవ్విన గోతిలో నేనే పడితే బాధ లేదు, గోతిలో మంచం వేసి బాబాయ్‌ని పడుకోబెట్టాను.

బల్ల మీద ల్యాండ్‌లైను మోగింది. డాక్టరమ్మ.

"బీపీ పడిపోతోంది. నిన్నటి డాక్టరుగారి ఫోను ఆగిపోయి ఉంది, ఇంటికి మనిషిని పంపాం, రావడానికి ముప్పావుగంట పడుతుంది. చెత్తబుట్టలో సీసా వెతుకుదామంటే పొద్దున్నే ఖాళీ చేశారట. ఈ ఇన్‌ఫెక్షన్‌కి మన దగ్గర ఉన్నవి మూడు మందులు. నిన్న ఇచ్చింది అందులో ఒకటై ఉండాలి. అదే మళ్లీ ఇస్తే ఈసారి నిలబెట్టలేకపోవచ్చు."

"ఎంతసేపు ఆగగలరు?"

"పది నిమిషాలు. ఆ తర్వాత నేనే ఒకటి ఎంచుకుని ఇచ్చేస్తాను. ఇవ్వకపోయినా దక్కడు. తొందరగా చూడండి."

ఫోను పెట్టేసి కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంటి నంబరు తప్పా? పిన్ని కంగారులో ఇంకో ఇంటిది చెప్పిందా? సున్న ఒకటి కాదా, రెండా? ఆలోచన ఒక్కటీ నిలబడటం లేదు. వేళ్లు మీటల మీద పెట్టాను, తీశాను, పెట్టాను, తీశాను. పెద్దమేడం గోడకు ఆనుకుని నిలబడి, తనలో తాను ఏదో చదువుకుంటోంది. ఏసీ చల్లగా ఆడుతోంది, నా వీపు మీద చెమట కారుతోంది. బాబాయ్ చచ్చిపోతాడు, నా వల్ల చచ్చిపోతాడు అన్న మాట తప్ప నాకింకేమీ వినపడటం లేదు.

తలుపు తోసుకుని పిన్ని వచ్చింది. రొప్పుతోంది. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది, మెట్ల పొడుగునా నీళ్లు కారుస్తూ వచ్చినట్టుంది.

"నన్ను బయటికి పంపేశారే. మంచం చుట్టూ తెర కట్టేశారు. ఏం చేస్తున్నారే మీరంతా? మందు ఉందట, ఇవ్వరట. కంప్యూటర్ చెప్పాలట!"

"పిన్నీ, ఇంటి నంబరు నిజంగా నాలుగొందల పదిహేడేనా?"

"పదకొండేళ్లు ఉన్న ఇంటి నంబరు మర్చిపోతానా?" అంది. అప్పుడు ఆమె కళ్లు బల్ల మీద కాగితం మీద పడ్డాయి. తడిగుడ్డ భుజాన వేసుకుని, కాగితం తీసుకుంది. "ఆయన రాత కదూ ఇది?"

"పిన్నీ, ఇప్పుడు కాదు, అది ఇలా ఇవ్వు."

పిన్ని ఇవ్వలేదు. కళ్లద్దాలు లేవు కాబట్టి చేయి చాచి దూరంగా పట్టుకుని, మెల్లగా పైకి చదివింది. "పదిల రాసి సున్న పెట్టాలి." తల ఎత్తి, "పదిలం" అంది.

"ఏమిటి?"

"పదిలకి సున్న పెడితే పదిలం కాదుటే? నేను వీధిలోకి బయల్దేరినప్పుడల్లా ఆయన గుమ్మంలో నిలబడి అనే మాట అదే కదా. పదిలం, పదిలం అని."

నేనూ పెద్దమేడం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్షరం పక్కన పెట్టే సున్న. ఒకటో తరగతిలో పలక మీద దిద్దిన సున్న. కంప్యూటర్ల ముందు పదేళ్లు కూర్చుని సున్న అంటే అంకె తప్ప ఇంకోటి ఉందని మర్చిపోయాను. పిన్నికి కంప్యూటర్ రాదు, అందుకే ఆమెకు అందులో అంకె కనపడలేదు.

అయినా కొట్టడానికి చేతులు రాలేదు. తప్పయితే అంతే. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క వేలితో కొట్టాను, బడిలో పిల్లలా. సున్న ఉండాల్సిన చోట 'ఎమ్'. నాలుగు, ఒకటి, ఏడు. "కొట్టనా?" అని పిన్నిని అడిగాను. ఎందుకడిగానో నాకు తెలియదు.

"కొట్టవే!" అని అరిచింది.

కళ్లు మూసుకుని కొట్టాను. తెరిచేసరికి తెర నీలంగా మారి, లోపలికి రమ్మంది.

ఏడవడానికి తీరిక లేదు. డాక్టరమ్మ పేరు వెతికి తాళం తీసి, వార్డుకు ఫోను చేసి, "ఇప్పుడు కొట్టండి" అన్నాను. ఫోనులో మీటల చప్పుడు వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు.

"దొరికింది," అంది డాక్టరమ్మ. తర్వాత చాలా చిన్న గొంతుతో అంది. "నేను సిరంజిలో నింపి పెట్టుకున్నది అదే."

ఫోను అవతల ఆమె ఎవరితోనో "అది పారేయండి, రెండోది తీయండి" అనడం విన్నాను. పిన్ని నా మొహమే చూస్తోంది. "మందు ఇస్తున్నారు పిన్నీ" అన్నాను. సిరంజి సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత నా ఖాతా తీశాను, మిగతా రెండు వందల యాభై ఎనిమిదీ తీశాను. లోపల దూరిన దొంగ ఎవరో కూడా వెతికాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పావుగంటలో పట్టాను. గేటు దగ్గర హాజరు యంత్రం. ఎప్పుడో అందరి పాస్‌వర్డులూ అందులో దాచి ఉంచారు. రోజూ పదిన్నరకు అది ఒక్కొక్కరి పేరుతో లోపలికి వచ్చి డ్యూటీల పట్టిక తీసుకుపోతుంది. ఆ పొద్దున నా రూలు ప్రకారం అందరూ పాస్‌వర్డులు మార్చుకున్నారు, దానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. పాపం, పాతవే పట్టుకుని ప్రతి తలుపూ మూడేసి సార్లు తట్టింది. దాని ప్లగ్గు పీకి వచ్చాను. దొంగ అయినా ఉంటే వాడి మీద తోసేద్దామనుకున్నాను. లేడు.

పెద్దమేడంకు ఆ సాయంత్రమే అంతా రాసిచ్చాను. చదివి, మడిచి, సొరుగులో పెట్టుకుని, "నేను కూడా కనపడని తాళం అడిగాను కదా" అంది. మెమో మాత్రం ఇచ్చింది. ఇవ్వాలి కూడా.

శుక్రవారానికి బాబాయ్ జ్వరం దిగింది. లేచి కూర్చుని చప్పటి గంజి తాగుతున్నాడు, తాగుతూ వంకలు పెడుతున్నాడు. పిన్ని వార్డుకు వచ్చిన ప్రతివాళ్లకూ నన్ను చూపించి, "మా పిల్లేనండీ. ఇది లేకపోతే ఆయన దక్కేవారా" అని చెబుతోంది. పక్క మంచం వాళ్లకు చెప్పింది, ఊడ్చే ఆవిడకు చెప్పింది. చెప్పినప్పుడల్లా నేను నీళ్ల సీసా పట్టుకుని బయటికి నడిచేదాన్ని. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఎవరూ చెప్పరు. బాబాయ్ ఇంకా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో అని రెండు రోజులుగా ఆయన కళ్లలోకి చూడకుండా తిరుగుతున్నాను.

బాబాయ్ కునుకు తీశాక పిన్నిని వరండాలోకి పిలిచాను.

"పిన్నీ, ఆ రోజు తాళాలు వాటంతట అవి పడలేదు. నేను వేశాను. ఒక గడిలో సున్న పెట్టాను, అర్థం తెలియకుండా. బాబాయ్ పరీక్షించావా అని అడిగాడు గుర్తుందా? చూశానన్నాను. చూడలేదు. అబద్ధం చెప్పాను."

పిన్ని నా వైపు చూసింది. తిడితే బాగుండు అనిపించింది, కొడితే ఇంకా బాగుండు. కింద ఆవరణలో ఎవరో బండి స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి, గేటు దాటి వెళ్లేదాకా పిన్ని అటే చూసింది. నాకు బుధవారం కంటే అప్పుడే ఎక్కువ భయం వేసింది.

"ఇప్పుడు ఎంత పెట్టావు ఆ గడిలో?" అంది చివరికి.

"పదిహేను."

"పరీక్షించావా?"

"పరీక్షించాను పిన్నీ. మూడుసార్లు. వేసి చూశాను, తీసి చూశాను."

పిన్ని లోపలికి తిరిగి, కునుకు తీస్తున్న బాబాయ్‌ని, ఆయన చేతికి ఉన్న ఎర్ర పట్టీని చాలాసేపు చూసింది.

"నాలుగోసారి చూడు" అంది. "పద, నేనూ వస్తాను."

ఇద్దరం మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్లాం. పిన్ని బాబాయ్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. నేను ఉత్తుత్తి ఖాతా తెరిచి, ఆమె చూస్తుండగా, మొదటి తప్పు కొట్టాను.